రిలాక్సెంట్ నడుస్తున్న పేషెంటు దగ్గర డ్యూటీ

మాది పర్లాకిమిడి. పదకొండేళ్ళుగా బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డాక్టర్లతో ఒడియా, పేషెంటు తాలూకు వాళ్ళలో సగం మందితో తెలుగు, కేస్ షీటులో ఇంగ్లిషు. ఏటా జీఎన్ఎం నర్సింగ్ కోర్సు ముగించుకుని ఇచ్ఛాపురం, సోంపేట, గుణుపురం, కాశీనగర్ వైపు నుంచి కొత్త పిల్లలు వస్తుంటారు. వెంటిలేటరంటే వాళ్ళకు నెలలో భయం పోతుంది. కండరాలను కదలకుండా చేసే రిలాక్సెంట్ మందు పంపు దగ్గర మాత్రం ఆరు నెలలైనా చెయ్యి వణుకుతుంది. వణకనివ్వండి. నాకు భయమేసేది వణకని వాళ్ళను చూస్తేనే.

వెక్యురోనియం, అట్రాక్యూరియం, సిసట్రాక్యూరియం, రోక్యురోనియం. మా వార్డులో అన్నింటికీ కలిపి రిలాక్సెంట్ అనే అంటాం. నరం నుంచి కండరానికి కబురు మోసుకెళ్ళేది ఎసిటైల్‌కోలిన్. అది వెళ్ళి కూర్చోవలసిన పీట మీద ఈ మందు ముందే కూర్చుంటుంది. దాంతో చెయ్యి, కాలు, కనురెప్ప, ఊపిరి తీసే కండరం అన్నీ పడిపోతాయి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, పేగులు కదులుతూనే ఉంటాయి, టార్చి వేస్తే కంటిపాప ముడుచుకుంటుంది. అవి వేరే రకం కండరాలు, ఈ మందు మాట వినవు. మెదడు మీద దీని ప్రభావమే లేదు. నిద్ర రాదు, నొప్పి తగ్గదు, చెవులు వింటూనే ఉంటాయి.

ఈ సంగతి నేను చదువుకున్నప్పుడు అర్థం కాలేదు. ఒక కట్లపాము కేసులో అర్థమయింది. ఇక్కడివాళ్ళు చితి సాపొ అంటారు. వానాకాలంలో నేల మీద చాప వేసుకుని పడుకున్న వాళ్ళను రాత్రిపూట కరుస్తుంది, చాలాసార్లు కాటు గుర్తు కూడా కనపడదు. వంశధార ఒడ్డు పల్లె నుంచి పదహారేళ్ళ కుర్రాణ్ణి తెల్లవారుజామున తీసుకొచ్చారు. రెప్పలు వాలిపోయి, మింగలేక, ఊపిరి ఆగిపోయే స్థితిలో ఉన్నాడు. గొంతులో ఊపిరి ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టాం. మూడో రోజుకి ఒంట్లో ఒక్క కదలిక లేదు, కంటిపాపలు కూడా పెద్దవై ఉండిపోయాయి. నేనూ ఇంకో సిస్టరూ మంచానికి చెరో పక్కన నిలబడి షీటు మారుస్తూ, ఇంకేం లేస్తాడులే అనుకున్నాం. తర్వాత మా ఇంట్లో గ్యాస్ బండ అయిపోయిన సంగతి మాట్లాడుకున్నాం. పదో రోజు ట్యూబు తీశాక బొంగురు గొంతుతో ఆ కుర్రాడు నన్ను అడిగిన మొదటి మాట: "అక్కా, మీ ఇంటికి గ్యాస్ వచ్చిందా?"

గ్యాస్ మాట విన్నవాడు దాని ముందు మాట కూడా వినే ఉంటాడు. దాని గురించి వాడేమీ అడగలేదు.

కట్లపాము విషం చేసేదీ, మనం పంపులో ఎక్కించేదీ చివరికి ఒకే చోట దెబ్బ కొడతాయి. పాము కాటులో మనిషి పడిపోయాకే మన దగ్గరకి వస్తాడు. మందు విషయంలో మాత్రం ఆ మనిషిని ముందుగా నిద్రపుచ్చే వీలు మన చేతిలో ఉంది.

మొదలుపెట్టక ముందు

ఎవరికి ఇవ్వాలో డాక్టర్లు చూసుకుంటారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని వెంటిలేటర్‌తో పోట్లాడుతున్న వాళ్ళకి, బోర్లా పడుకోబెట్టిన వాళ్ళలో కొందరికి, ధనుర్వాతానికి, తలలో ప్రెషర్ తగ్గని వాళ్ళకి ఇస్తుంటారు. ఒకప్పుడు ఇప్పటికంటే ఎక్కువగా వాడేవారు. 2010లో ఫ్రాన్సులో 340 మంది మీద చేసిన అధ్యయనంలో ఏఆర్‌డీఎస్‌కి, అంటే ఊపిరితిత్తులు అలా తీవ్రంగా దెబ్బతిన్న వాళ్ళకి, 48 గంటలు సిసట్రాక్యూరియం ఇస్తే మేలు జరిగినట్టు కనిపించింది. 2019లో అమెరికాలో 1006 మంది మీద మళ్ళీ చూస్తే 90 రోజుల దగ్గర తేడా లేదు. అందుకే ఇప్పుడు అందరికీ పెట్టెయ్యరు, అవసరమైన వాళ్ళకే, అవసరమైనన్ని గంటలే.

మన పని ఆర్డరు రాసిన క్షణం నుంచి మొదలవుతుంది. అన్నిటికంటే ముందు సెడేషన్. నొప్పికి ఫెంటనిల్ లాంటిది, నిద్రకి మిడజోలమో ప్రొపొఫాలో నడుస్తూ ఉండాలి, నడవడమే కాదు పనిచేస్తూ ఉండాలి. పేరు పెట్టి పిలవండి. భుజం కండ నొక్కండి. ఒకసారి సక్షన్ చెయ్యండి, అంటే ట్యూబులోంచి కఫం లాగండి. కన్ను తెరిచినా, మొహం చిట్లించినా, చెయ్యి ట్యూబు వైపు వెళ్ళినా ఇంకా చాలలేదని లెక్క. ఈ పరీక్ష మందు ఎక్కకముందే చెయ్యాలి, ఎక్కాక చేద్దామన్నా చిట్లించడానికి మొహమే ఉండదు. డాక్టరు తొందరపెడితే నేను అనే మాట ఒకటే: "సార్, ఇంకా మొహం చిట్లిస్తున్నాడు." దీనికి ఎవరూ ఇంతవరకూ కోప్పడలేదు.

రెండోది, కాళ్ళూ చేతులూ ఏది కదులుతోంది, ఏది కదలడం లేదు, కంటిపాపలు ఎంతున్నాయి అన్నది రాసిపెట్టుకోండి. రేపు మందు ఆపాక కుడిచెయ్యి కదలకపోతే అది మందు వల్లా, కొత్తగా వచ్చిన పక్షవాతమా అని తేల్చేది ఈ రాసిపెట్టిన వాక్యమే. పక్షవాతం ఉన్న చేతి మీద ట్విచ్, అంటే నరానికి చిన్న షాకిస్తే బొటనవేలు ఎగరడం, చూడకూడదు కూడా. అక్కడి కండరం మందుకి తొందరగా లొంగదు, బొటనవేలు బాగానే ఎగురుతోంది కదా అని డోసు పెంచుకుంటూ పోతాం.

మూడోది, వేరే ఏం మందులు నడుస్తున్నాయి. అమికాసిన్, జెంటామైసిన్, క్లిండామైసిన్, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన బాలింతలకు ఇచ్చే మెగ్నీషియం. ఇవి ఉంటే రిలాక్సెంట్ పని ముదురుతుంది. ఫిట్స్‌కి చాలాకాలంగా ఫెనిటాయిన్ వాడుతున్న వాళ్ళలో దానికి ఉల్టా, వెక్యురోనియం తొందరగా దిగిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళలో వెక్యురోనియం గంటలు కాదు, రోజులు కూడా ఉండిపోవచ్చు. అలాంటి వాళ్ళకు అట్రాక్యూరియమో సిసట్రాక్యూరియమో రాస్తారు. ఆ రెండూ ఎక్కువ భాగం ఒంటి వేడికీ రక్తపు క్షారానికీ వాటంతటవే విరిగిపోతాయి, కిడ్నీ కోసం ఎదురుచూడవు. జ్వరం పెరిగితే కాస్త తొందరగా, ఒళ్ళు చల్లబడితే నెమ్మదిగా విరుగుతాయి. రెండూ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి. వెక్యురోనియం పొడి బయటే ఉంటుంది, మామూలు యాంటీబయాటిక్ వయల్‌లాగే కనిపిస్తుంది. అందుకే దాన్ని వేరే పెట్టెలో పెట్టి తాళం వెయ్యమని నేను గొడవపడుతుంటాను.

మన వైపు పురుగుమందు తాగిన కేసులు ఎక్కువ కాబట్టి ఇది కూడా చెప్పాలి. ట్యూబు వేసేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ మామూలుగా పది నిమిషాల్లో దిగిపోతుంది. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు తాగిన వాళ్ళలో దాన్ని విరగ్గొట్టే ఎంజైమే పడిపోయి ఉంటుంది, కాబట్టి గంటలు పట్టవచ్చు. కేసు చెప్పకుండా వాంతులు, విరోచనాలు అని తీసుకొచ్చేవాళ్ళు ఉంటారు. ఒంటి మీద వెల్లుల్లి లాంటి వాసన, చిన్నబడిన కంటిపాపలు చూస్తే ట్యూబు వేసే డాక్టరుకు ముందే చెప్పండి.

కాలిన ఒళ్ళూ, వారాల తరబడి మంచం పట్టిన వాళ్ళూ అయితే సక్సినైల్‌కోలిన్‌తో పొటాషియం ఎగబాకి గుండె ఆగే ప్రమాదం ఉంది. అది డాక్టర్లకు తెలుసు, మనకూ తెలిసి ఉండాలి.

బొటనవేలు

మందు ఎంత పట్టిందో చూడడానికి నరానికి షాకిచ్చే స్టిమ్యులేటర్ చిన్న డబ్బా, రెండు తీగలు. టీఓఎఫ్ (ట్రెయిన్ ఆఫ్ ఫోర్) అంటే అర సెకనుకొకటి చొప్పున నాలుగు చిన్న షాకులు. 1970లో లివర్‌పూల్‌లో అలీ, అటింగ్, గ్రే అనే డాక్టర్లు ఈ పద్ధతి తెచ్చారు. యాభై ఏళ్ళు దాటినా దీన్ని మించింది మా వార్డులోకి రాలేదు.

ఎలక్ట్రోడ్లు మణికట్టు దగ్గర చిటికెనవేలు వైపు అంటించాలి, అల్నార్ నరం మీద. మణికట్టు మడతకి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన నల్లది, దానికి రెండు మూడు సెంటీమీటర్లు పైన, మోచేతి వైపు, ఎర్రది. తారుమారు చేస్తే ట్విచ్ బలహీనపడుతుంది. అంటించే ముందు చర్మం తుడవండి. మన దగ్గర పేషెంటు తాలూకు వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆవనూనె చేతులకి రాసి వెళతారు, వద్దన్నా రాస్తారు, అది వాళ్ళ ప్రేమ. ఆ నూనె మీద ఎలక్ట్రోడ్ నిలవదు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు అంటించండి. వెంట్రుకలుంటే గీసెయ్యండి. వాచిన చెయ్యి వదిలి రెండో చెయ్యి చూడండి.

ఇప్పుడు మందు మొదలుపెట్టక ముందే డబ్బా ఆన్ చెయ్యండి. కొత్తవాళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే. 10 మిల్లీయాంప్‌ల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ఒకచోట బొటనవేలు ఎగరడం ఇంక పెరగదు. దాని మీద ఇంకో పది ఇరవై శాతం కలిపి అక్కడ ఆపాలి. చాలామందిలో అది 30 నుంచి 50 మధ్య వస్తుంది. ఆ అంకె షీటులో రాయండి, టేపు మీద రాసి డబ్బాకి కూడా అంటించండి. ఇక ప్రతి షిఫ్టులో ఆ అంకెతోనే చూడాలి. మొదట ఎంత కరెంటుకి ఎంత ఎగిరిందో తెలియకపోతే అర్ధరాత్రి సున్నా వచ్చినప్పుడు అది మందు సున్నానో, తీగ సున్నానో మీకు ఎలా తెలుస్తుంది? ఈ షాకు నొప్పి కూడా, కాబట్టి సెడేషన్ పట్టాకే చెయ్యాలి.

చూడవలసింది బొటనవేలిని మాత్రమే. అది అరచేతి లోపలికి ముడుచుకోవాలి. మీ వేలి కొసను దాని మీద తేలిగ్గా ఆనించి పెట్టుకుంటే కన్ను మోసపోయినా వేలికి తెలుస్తుంది. చిటికెన, ఉంగరపు వేళ్ళు కదిలాయని లెక్కపెట్టకండి. ఎలక్ట్రోడ్ కింది కండరాన్ని కరెంటు నేరుగా తాకితే అవి ఎగురుతాయి, దానికీ మందుకీ సంబంధం లేదు.

ఇది నేను చేసిన తప్పే. చేరిన రెండో ఏడాది, కిడ్నీలు నీరసించిన ఒక పెద్దాయనకి వెక్యురోనియం నడుస్తోంది. వేళ్ళు నాలుగుసార్లూ ఎగిరాయి, నేను నాలుగు అని రాశాను. డాక్టరు డోసు పెంచారు. ఇంకో నాలుగు గంటలకి మళ్ళీ నాలుగే. మళ్ళీ పెంచారు. పొద్దున్న సీనియర్ దిది వచ్చి బొటనవేలు పట్టుకుని చూసి, నన్ను పక్కకు పిలిచి, "ఇది ఎక్కడ కదిలింది చూపించు" అంది. ఒక్కసారి కూడా కదల్లేదు. మందు ఆపేశాక ఆయన చెయ్యెత్తడానికి మూడు రోజులు పట్టింది. బతికారు. ఆ మూడు రోజులూ నేను లీవులో ఉన్నా ఫోను చేసి అడుగుతూనే ఉన్నాను.

లెక్క ఇలా ఉంటుంది. నాలుగో ట్విచ్ పోయిందంటే దాదాపు 75 శాతం పట్టిందని. మూడోది పోతే 80, రెండోది పోతే 90, ఒక్కటీ లేకపోతే పూర్తిగా పట్టిందని. మా డాక్టర్లు ఎక్కువగా నాలుగింట ఒకటో రెండో ఉండేలా రాస్తారు. ఒకసారి చూశాక మళ్ళీ చూడాలంటే కనీసం పది సెకన్లు ఆగాలి, నేను మనసులో పదిహేను లెక్కపెడతాను. వెంటవెంటనే నొక్కితే రెండోసారి వచ్చేది తప్పు అంకె. మా వార్డులో మందు మొదలుపెట్టిన కొత్తలో, డోసు మార్చిన ప్రతిసారీ పదిహేను నిమిషాలకొకసారి చూస్తాం, కుదుటపడ్డాక గంటకొకసారి, ఆ తర్వాత నాలుగు గంటలకొకసారి.

సున్నా వస్తే వెంటనే కరెంటు పెంచకండి. బ్యాటరీ, తీగ, ఎలక్ట్రోడ్ ఆరిపోయిందా, చెయ్యి వాచిందా, చల్లబడిందా, వరసగా చూడండి. ఏసీ కింద దుప్పటి బయట ఉన్న చెయ్యి మంచులా ఉంటే ట్విచ్ తగ్గి కనిపిస్తుంది. రెండో చేతి మీద చూడండి. అప్పటికీ సున్నాయే అయితే అది మందే. డాక్టరుకు చెప్పండి, తగ్గిస్తారు లేదా కాసేపు ఆపుతారు.

దీనికి వ్యతిరేకంగా ఇంకో తికమక ఉంది. బొటనవేలు సున్నా, కానీ పేషెంటు తనంతట తాను ఊపిరి లాగి వెంటిలేటర్‌ని ట్రిగ్గర్ చేస్తున్నాడు, ఎక్కిళ్ళు కూడా వస్తున్నాయి. మిషను చెడిపోలేదు. ఊపిరి తీసే కండరం డయాఫ్రమ్ బొటనవేలి కంటే మొండిది, లొంగడానికి మందు ఎక్కువ కావాలి. అలాంటప్పుడు పంపు మీద చెయ్యి వెయ్యబోయే ముందు ఎందుకు ఊపిరి లాగుతున్నాడో చూడండి. నొప్పా? జ్వరమా? రక్తంలో యాసిడ్ పెరిగిందా? సెడేషన్ సిరంజి ఖాళీ అయిందా? నా అనుభవంలో ఎక్కువసార్లు ఆ చివరిదే.

చేతులు రెండూ వీలుకాకపోతే కాలి చీలమండ లోపలి వైపు నరం మీద పెట్టి కాలి బొటనవేలు చూడవచ్చు, లేదా కంటి పక్కన పెట్టి కనుబొమ్మ చూడవచ్చు. కనుబొమ్మది కూడా అలాంటి మొండి కండరమే, చేతి అంకెతో పోల్చకూడదు. చోటు మారిస్తే షీటులో చోటు పేరు రాయండి.

ఇంతా చేసి ట్విచ్ ఒక్కటే పట్టుకుని వేలాడవద్దని 2016లో అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. వెంటిలేటర్ ఎలా నడుస్తోంది, ఆక్సిజన్ ఎంతుంది, మనిషి ఎలా ఉన్నాడు, అన్నీ కలిపి చూడాలి. ట్విచ్ రెండు ఉన్నా వెంటిలేటర్ సాఫీగా నడుస్తుంటే మందు పెంచే పని లేదు.

రెండు సిరంజిలు

ఒక లెక్క చేసి చూపిస్తాను. 50 కిలోల మనిషి, వెక్యురోనియం కిలోకి నిమిషానికి 1 మైక్రోగ్రాము. అంటే నిమిషానికి 50 మైక్రోగ్రాములు, గంటకి 3 మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాముల వయల్స్ అయిదు కలిపి 50 ఎంఎల్ సిరంజిలో నింపితే ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము, పంపు గంటకి 3 ఎంఎల్. పక్క పంపులో మిడజోలం, అదీ ఎంఎల్‌కి 1 మిల్లీగ్రామే, గంటకి 5 ఎంఎల్. రాత్రి ఎనిమిదికి రెండూ మొదలుపెట్టారనుకోండి. మిడజోలం పొద్దున్న ఆరుకి అయిపోతుంది. వెక్యురోనియం మధ్యాహ్నం పన్నెండున్నర దాటేవరకూ నడుస్తుంది.

పొద్దున్న ఆరంటే ఏమిటో నర్సులకు చెప్పక్కర్లేదు. రక్తం తీయడం, ఒళ్ళు తుడవడం, ఇన్‌టేక్ అవుట్‌పుట్ కూడడం, షిఫ్టు మారే ముందు షీట్లు నింపడం, ఇంకో మంచం దగ్గర ఎవరో పిలవడం. సరిగ్గా అప్పుడే పంపు కీచుమంటుంది. మిడజోలం లేదు, వెక్యురోనియం ఉంది. మనిషి లోపల మేలుకుంటున్నాడు, వేలు కూడా కదపలేడు.

అందుకే సెడేషన్ సిరంజి ఇంకో గంటకి అయిపోతుందనగానే రెండోది నింపి, లేబుల్ అంటించి, ట్రేలో పెట్టుకోండి. మార్చేటప్పుడు పాతదాన్ని తీసి కొత్తదాన్ని వెతకడం కాదు, కొత్తది చేతిలో ఉన్నప్పుడే పాతది తీయాలి. లేబుళ్ళ రంగులు అంతర్జాతీయంగా ఒకటే: రిలాక్సెంట్‌కి మెరిసే ఎరుపు, మిడజోలం లాంటి వాటికి నారింజ, ఫెంటనిల్ లాంటి వాటికి నీలం. ఎర్ర లేబుళ్ళు అయిపోతే తెల్ల ప్లాస్టరు మీద ఎర్ర పెన్నుతో రాసి అంటించండి, ఖాళీగా మాత్రం వదలకండి.

లోపల మెలకువ వస్తోందని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. పల్సు, బీపీ ఉన్నట్టుండి పెరగడం, కళ్ళ చివరల నీళ్ళు, నుదుటి మీద చెమట, అందులోనూ సక్షన్ చేసేటప్పుడు. కానీ బీపీ మందు ఎక్కుతున్న వాళ్ళలో, బీటా బ్లాకర్ మీద ఉన్న వాళ్ళలో ఇవేవీ కనిపించకపోవచ్చు. నుదుటి మీద అంటించి మెదడు ఎంత నిద్రలో ఉందో అంకెలో చూపే బిస్ మానిటర్ ఉంటే మంచిదే, అయినా అది చెప్పిందే వేదం కాదు. నుదుటి కండరాలు పడిపోయినంత మాత్రానే దాని అంకె తగ్గిపోవచ్చు, మెలకువగా ఉన్న వాళ్ళలో కూడా. ఫిట్స్ వచ్చినా ఒళ్ళు కొట్టుకోదు కాబట్టి పైకి తెలియదు. తలకి దెబ్బ తగిలిన వాళ్ళలో కంటిపాపలే మనకున్న ఆధారం, గంటగంటకీ టార్చి వేసి చూడండి.

ఏ పని చేసినా ముందు చెప్పి చెయ్యండి. "బాబూ, గొంతులో గొట్టం శుభ్రం చేస్తున్నాను, కాసేపు దగ్గొచ్చినట్టుంటుంది." ఒడియావాళ్ళయితే ఒడియాలో. కొండ మీద నుంచి వచ్చిన సవర వాళ్ళయితే ఇంటివాళ్ళను అడిగి రెండు మాటలు నేర్చుకుంటాను, నా ఉచ్చారణకి వాళ్ళు నవ్వుతారు. మంచం దగ్గర గ్యాస్ బండ కబుర్లు నేను మానేసి చాలా ఏళ్ళయింది.

కరెంటు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున నాకు నైటు డ్యూటీ. కరెంటు ఎప్పుడో పోయింది, జనరేటర్ నడుస్తోంది, ఉన్నట్టుండి అదీ ఆగింది. వెంటిలేటర్లు బ్యాటరీ మీదకి వెళ్ళాయి, ఒక పాతదాని బ్యాటరీ మాత్రం నిలవలేదు. ఆ మంచం మీద ఉన్నామె రిలాక్సెంట్ మీద ఉంది. మిగతావాళ్ళు వెంటిలేటర్ ఆగితే కనీసం ఎగశ్వాస పడతారు, ఛాతీ లేస్తుంది, మనకు తెలుస్తుంది. ఈమెకి ఏమీ ఉండదు. ఆక్సిజన్ అంకె పడిపోవడం ఒక్కటే గుర్తు. సెల్‌ఫోన్ లైటు నోట్లో పట్టుకుని, చేత్తో ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగు నొక్కుతూ నిలబడ్డాను. పదకొండు నిమిషాలకి జనరేటర్ వచ్చింది.

అప్పటినుంచి షిఫ్టులోకి రాగానే నేను చేసే మొదటి పని, బ్యాగు మంచం తల దగ్గరే ఉందా, ఆక్సిజన్ గొట్టం దానికి తగిలించి ఉందా, అరచెయ్యి అడ్డుపెట్టి నొక్కితే గాలి నిలుస్తోందా చూడడం. డిస్‌కనెక్ట్ అలారం మోగుతుంటే విసుగొచ్చి సైలెంట్ నొక్కే అలవాటుంటే ఈ పేషెంటు దగ్గర మానుకోండి.

మిగతావి మీకు తెలిసినవే. రెప్ప మూసుకోదు కాబట్టి కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. జెల్ వేసి, రెప్పలు మూసి, టేపు అంటించండి, వేళ ప్రకారం. రెండు గంటలకొకసారి పక్క మార్చండి, బోర్లా ఉన్నవాళ్ళలో చెవి మడతపడిందా, మోచెయ్యి రెయిలింగుకి ఒత్తుకుంటోందా చూడండి. కాళ్ళూ చేతులూ ఆడించడం ఫిజియో వచ్చేదాకా ఆపొద్దు. షుగరు 180 లోపు. గొట్టం ద్వారా తిండి పెట్టవచ్చు, పేగులు మామూలుగానే ఉన్నాయి.

ఇంటివాళ్ళతో ఒక మాట. "ఏటమ్మా, మా నాన్న చెయ్యి పట్టుకుంటే పిడికిలైనా బిగించట్లేదు?" అని అడుగుతారు. "మేమే మందుతో కదలకుండా ఉంచాం బాబూ. ఊపిరి మిషను సరిగ్గా నడవాలని. నువ్వు మాట్లాడు, చెయ్యి పట్టుకో" అని చెబుతాను. వాళ్ళు ఉండగా మాత్రం స్టిమ్యులేటర్ నొక్కను. ఒకసారి నొక్కితే బొటనవేలు ఎగిరింది, కూతురు "మా అమ్మ కదిలింది" అని కారిడార్‌లోకి పరుగెత్తుకెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చింది. అది మిషను కదిపిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు నొక్కాల్సివస్తే ముందే చెప్పేస్తాను.

ఆపేటప్పుడు

రోజుకొకసారి మందు ఆపి ఇంకా అవసరమా అని డాక్టర్లు చూస్తారు. ఆపే వరస ముఖ్యం. ముందు రిలాక్సెంట్, సెడేషన్ తర్వాత. నాలుగు ట్విచ్‌లూ గట్టిగా తిరిగి వచ్చేవరకూ మిడజోలం మీద చెయ్యి వెయ్యకూడదు. పొద్దున్నే సెడేషన్ తగ్గించి చూసే అలవాటు చాలా ఐసీయూల్లో ఉంది, అలవాటు చొప్పున ఈ పేషెంటుకీ తగ్గించేస్తారు. ఎర్ర లేబుల్ పంపు నడుస్తుంటే నారింజ లేబుల్ పంపు ముట్టుకోవద్దని నేను మంచానికి చీటీ కట్టేస్తాను.

నాలుగు ట్విచ్‌లు వచ్చాయంటే బలం వచ్చిందని కాదు. మందు ఇంకా 70 శాతం పీటల మీద కూర్చుని ఉన్నా నాలుగూ కనిపిస్తాయి. మొదటిదానితో పోలిస్తే నాలుగోది ఎంతుందో కంటితో చూసి చెప్పలేం, 0.4 దాటాక నాలుగూ సమానంగానే కనిపిస్తాయి. ట్యూబు తియ్యడానికి 0.9 ఉండాలి, అది కొలిచే మిషను ఉంటేనే తెలుస్తుంది. లేకపోతే మెలకువ వచ్చాక తల ఎత్తి అయిదు సెకన్లు ఆపగలడా చూస్తారు, అదీ పూర్తి భరోసా కాదు. విరుగుడు ఇంజెక్షన్ అడగవచ్చు కదా అంటారు కొత్తవాళ్ళు. ట్విచ్ ఒక్కటీ లేనప్పుడు నియోస్టిగ్మిన్ పనిచెయ్యదు. సుగమాడెక్స్ రోక్యురోనియం, వెక్యురోనియంలకే, అట్రాక్యూరియంకి కాదు. ఐసీయూలో ఎక్కువసార్లు దానంతట అది దిగేవరకూ ఆగడమే.

పంపు ఆపాక ఆ లైను తీసెయ్యండి. లైనులో మిగిలిన ఒకటి రెండు ఎంఎల్ మందు చాలు, ట్యూబు తీసేశాక ఎవరో యాంటీబయాటిక్ ఇచ్చి ఫ్లష్ చేస్తే మనిషి మళ్ళీ పడిపోతాడు.

స్టెరాయిడ్లతో కలిసి రోజుల తరబడి నడిస్తే మందు పూర్తిగా దిగినా కాళ్ళలో, మెడలో బలం రాకపోవచ్చు. దానికి వారాలు పడుతుంది, ఇంటివాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

మెలకువ వచ్చి, ట్యూబు తీసి, ఓ పూట గడిచాక నేను ప్రతి పేషెంటునీ అడిగేది ఒకటుంది: "మధ్యలో ఏమైనా గుర్తుందా?" చాలామంది లేదంటారు. గుణుపురం లారీ డ్రైవరు ఒకాయన మాత్రం కాస్త ఆలోచించి, "రాత్రిపూట ఎవరో నా బొటనవేలు పట్టుకునేవారు సిస్టర్. ఒకసారి గట్టిగా చుర్రుమంది. అరుద్దామనుకున్నాను" అన్నాడు.

రికార్డులు తీయించి చూశాను. మూడో రాత్రి, నాలుగుంపావుకి టీఓఎఫ్ ఒకటి. పల్సు అంతకుముందు గంట 92, అప్పుడు 126. పక్క కాలమ్‌లో మిడజోలం సిరంజి మార్చిన టైము నాలుగు ఇరవై రెండు. ఆ షీటు జిరాక్సు తీయించి, పేరు కనపడకుండా మడతపెట్టి, స్టాఫ్ రూము బోర్డుకి గుచ్చాను.